తెల్లచారలు పోయేదాకా

నేను మంచిదాన్నని ఎప్పుడూ ఎవరితోనూ చెప్పుకోలేదు. పనిమంతురాలినని మాత్రం చెప్పుకున్నాను, అదీ నలుగురికీ వినపడేటట్టు. ఒక పెద్ద హోటల్లో ఇరవై రెండేళ్ళు స్వీట్ల విభాగంలో నిలబడి పనిచేశాను. ఆ నిలబడటమే నా మోకాళ్ళను తినేసింది. ఇప్పుడు తమ్ముడింట్లో, రెండో అంతస్తులో, వంటగదిలో ఓ మూల స్టూలు మీద కూర్చుని మరదలు చేసే ప్రతి పనికీ వంక పెడుతూ బతుకుతున్నాను. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మా బిల్డింగుకు లిఫ్టు లేదు. ఈ ముక్క ఎవరికి చెప్పినా నవ్వుతారు గాని నాకు మాత్రం నవ్వు రాదు. ఆ మెట్లు దిగాలంటే నాకు ఒకపక్క రెయిలింగూ ఇంకోపక్క మరదలి భుజమూ ఉండాలి.

ఆ మరదలికి ఉద్యోగం వచ్చేలా ఉందని తెలిసిన రోజు నా గుండె జారిపోయింది. ఊరి చివర ఏదో ట్రైనింగ్ సెంటరు, దానికో క్యాంటీను. అందులో స్వీట్లు చేసే మనిషి కావాలట. క్వార్టర్సు కూడా ఇస్తారట. మధ్యాహ్నం బరువైన స్వీట్లు తిని ట్రైనీలంతా క్లాసులో గుర్రు పెడుతున్నారట. అందుకని పరీక్షకు వచ్చేవాళ్ళు 'తేలికపాటి చాక్లెట్ మూస్' ఇంట్లో చేసి తీసుకురావాలని కాగితం పంపారు. మూస్ అంటే కప్పుల్లో పోసి ఫ్రిజ్‌లో బిగించి, చెంచాతో తినే నురగ స్వీటు. క్రీము ఉండకూడదు, వెన్న ఉండకూడదు, గుడ్డులో పచ్చసొన అసలే ఉండకూడదు.

"తేలికపాటి జ్వరం విన్నాను, తేలికపాటి వాన విన్నాను. తేలికపాటి మూస్ ఏమిటే?" అన్నాను.

"మీకు తెలియంది ఏముంది వదినా. మీరే నేర్పాలి," అంది మరదలు.

నేర్పుతానన్నాను. పైకి అలా అన్నాను గాని లోపల లెక్క వేరు. క్వార్టర్సంటే మొగుడికీ పెళ్ళానికీ చెరో గది. మరి నా సంగతి? వారం రోజులు చూశాను. అన్నం పెట్టేటప్పుడు ఆ మాట ఎత్తుతారేమో, మందులిచ్చేటప్పుడు ఎత్తుతారేమో అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఇద్దరిలో ఒక్కరికీ ఉలుకూ పలుకూ లేదు. నన్ను ఈ ఇంట్లో పాత సామానుతో పాటు వదిలేసి పోతారన్నమాట అనుకున్నాను. కడుపు మండిపోయింది. కడుపు మంట కంటే భయం ఎక్కువగా ఉంది.

మొదటిసారి చేసినప్పుడు తెల్లసొన నురగే కట్టలేదు. గిన్నెకు జిడ్డుంది. చిటికెడు జిడ్డు చాలు, ఎంత గిలక్కొట్టినా అది నీళ్ళలా కారుతుంది తప్ప లేవదు. గిన్నెను మూడుసార్లు కడిగించాను, తుడిచే గుడ్డ కూడా మార్పించాను. నేను కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నానని తమ్ముడు గొణిగాడు. గుడ్డు దగ్గర పీకకపోతే ఇంకెక్కడ పీకాలిరా అన్నాను. మరదలు నవ్వింది. ఆ పిల్లకు నవ్వు తొందరగా వస్తుంది.

రెండోసారి అంతా కుదిరింది. చాక్లెట్‌ను వేడినీళ్ళ గిన్నె మీద మెల్లగా కరిగించింది. తెల్లసొనను పంచదారతో గిలక్కొట్టి, గిన్నె తలకిందులు చేసినా జారనంత గట్టిగా తెచ్చింది. ఆ నురగను చాక్లెట్లో కలిపేటప్పుడు మాత్రం గరిటె లాక్కుని నేనే కలిపాను. "నీకు చేతకాదు, చూడు," అన్నాను. అసలు చూడనివ్వలేదు, గిన్నెకు అడ్డంగా వంగి కలిపాను. ఆరు కప్పులు నిండాయి. మర్నాడు చెంచా పెడితే మెత్తగా దిగింది. తమ్ముడు మూడు కప్పులు తిని, తిన్నట్టే లేదన్నాడు. మూస్‌కు అంతకంటే మెప్పు లేదు. గరిటె చేతిలో ఉన్నంతసేపూ నా మనసులో గొప్ప చూపించుకోవాలన్న యావ తప్ప ఇంకేమీ లేదు.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం అంతా మరదలే చేసింది. నేను చెయ్యి పెట్టలేదు. నురగలో కొంచెం ముందుగా చాక్లెట్లో కలిపి దాన్ని వదులు చేసింది. తర్వాత మిగతాది వేసి, రబ్బరు గరిటెతో అడుగు నుంచి పైకి తెస్తూ, గిన్నెను కొంచెం కొంచెం తిప్పుతూ కలపసాగింది. అక్కడక్కడా సన్నటి తెల్లచారలు మిగిలి ఉండగా చెయ్యి ఆపేసింది.

సరిగ్గా అక్కడే ఆపాలి. నాకది అబ్బడానికి రెండేళ్ళు పట్టింది, మా పెద్ద వంటవాడి చేత ఎన్ని చీవాట్లు తిన్నానో లెక్కలేదు. ఈ పిల్ల తనంతట తనే ఆపింది. చెయ్యి ఆపి నా వంక చూసింది. ఆ ఉద్యోగం దీనికి వచ్చేసినట్టేనని ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది.

"ఇంకా తెల్లచారలు కనబడుతున్నాయి," అన్నాను.

"ఇంకా కలపాలా వదినా?"

"పోయేదాకా కలుపు. చారలు చారలుగా తీసుకెళితే ఇది సగం పని మనిషి అనుకోరూ?"

కలిపింది. నురగంటే గాలి, అంతే. గరిటె తిరిగినప్పుడల్లా ఆ గాలి కొంత పోతూనే ఉంటుంది. గిన్నెలో మట్టం దిగుతుండటం నేను కూర్చున్న చోటికి కనిపిస్తూనే ఉంది. మరదలికీ కనిపించింది.

"తగ్గుతోందేంటి?" అంది.

"సర్దుకుంటోందిలే. ఫ్రిజ్‌లో పెడితే బిగుస్తుంది."

అది అబద్ధం కాదు. బాగా బిగుస్తుంది, మట్టిపెళ్ళలా. ఆరు కప్పులకు నాలుగే వచ్చాయి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గాని నాకు హాయిగా అనిపించింది. ఆ సాయంత్రం మరదలు రోజూలాగే నా మోకాళ్ళకు మందు రాసింది. నేనూ రోజూలాగే కాళ్ళు చాపి రాయించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కప్పులు డబ్బాలో సర్దుకుని వెళ్ళింది. తమ్ముడు పనికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉండి, గంటకోసారి కిటికీలోంచి వీధిలోకి తొంగిచూశాడు. నేను మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను. పోనీలే, ఇది కాకపోతే ఇంకోటి అని అనడానికి ఓదార్పు మాటలు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. మూడు గంటలకు మరదలు తిరిగొచ్చి చెప్పులు విప్పింది.

"ఏమైంది?" అన్నాడు తమ్ముడు.

"వచ్చింది. ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు."

తమ్ముడు నవ్వబోయి, పెళ్ళాం ముఖం చూసి ఆగిపోయాడు. మరదలు నా ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"అక్కడి పెద్ద వంటావిడ ఒక్క చెంచా తిని కప్పు పక్కకు నెట్టేసింది వదినా. చాక్లెట్ బాగా కరిగించావు, తీపి కుదిరింది, మరి చివర్లో నురగనెందుకు చంపావు అంది. చారలు పోయేదాకా కలపాలని మా వదిన చెప్పిందన్నాను. మీ వదిన ఏం చేస్తుందని అడిగింది. పెద్ద హోటల్లో ఇరవై రెండేళ్ళు ఇదే పని చేసిందని చెప్పాను, గొప్పగానే చెప్పాను. అన్నేళ్ళు చేసిన మనిషికి ఈపాటి తెలియదా అంది ఆవిడ. తర్వాత గిన్నె నా ముందు పెట్టి, మళ్ళీ చెయ్యి, ఎవరి మాటా వినకు, నీకు ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపు అంది."

"ఎక్కడ ఆపావు?" అన్నాను. నోరు జారింది. పని తెలిసిన నోరు ఊరుకోదు.

"మీరు వద్దన్న చోటే. బిగుసుకునేదాకా కూడా ఆగలేదావిడ. గిన్నెలోకి చూసి, చాల్లే, వచ్చెయ్ అంది."

"అక్కా," అన్నాడు తమ్ముడు.

"నాకు చూపు సరిగా ఆనలేదురా," అని నీళ్ళు నమిలాను.

"నిన్న పొద్దున సూదిలో దారం మీరే ఎక్కించారు," అంది మరదలు. "మీకు నేనంటే పడకపోతే పడదని చెప్పాల్సింది. నేర్పనంటే ఇంకెవర్నైనా అడుక్కునేదాన్ని."

"నువ్వంటే పడకపోవడం కాదే. మీరిద్దరూ పోతే నేనొక్కదాన్నీ ఇక్కడ ఏమైపోతాను? నా మాట ఒక్కరైనా ఎత్తారా?"

ఆ మాట అన్నాక నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మరదలు నన్ను ఏడవనిచ్చింది. తర్వాత చెప్పింది.

"క్వార్టర్సు రెండు రకాలున్నాయి వదినా. ఇద్దరికైతే రెండు గదులు, ముగ్గురికైతే మూడు. మూడు గదులది కింది అంతస్తులోనే ఖాళీగా ఉంది, మెట్లు ఎక్కే పనిలేదు. పొద్దున వెళ్ళగానే దానికే కాగితం నింపాను, మన ముగ్గురి పేర్లూ రాసి. వచ్చేముందు ఆ కాగితం మళ్ళీ అడిగి తీసుకుని మీ పేరు కొట్టేశాను."

"ముందే నాకెందుకు చెప్పలేదే?"

"ఉద్యోగం రాకపోతే ఊరికే ఆశ పెట్టినట్టవుతుందని, మీరు బాధపడతారని. ఆయనే వద్దన్నారు."

తమ్ముడి వంక చూశాను. వాడు తల దించుకున్నాడు. ఇంకోసారి రాయించవే, నన్నూ తీసుకుపోవే అని అడగాలనుకున్నాను. అడిగితే ఒప్పుకునేదేమో కూడా. అడగలేదు. మరదలు లోపలికి వెళ్ళి బట్టల అల్మారా తెరిచిన చప్పుడు వినిపించింది.

తమ్ముడు చాలాసేపు నా ముందే నిలబడ్డాడు. తిడతాడేమోనని చూశాను. తిట్టినా బాగుండేది.

"అటకమీది పెట్టె దించాలి," అన్నాడు చివరికి. "కొంచెం లేస్తావా అక్కా, ఆ స్టూలు కావాలి."

గోడ పట్టుకుని లేచాను.