టీవీకి పెట్టిన బొట్టు

అప్పాసామి ఏ పని చేసినా దండిగా చేయాల్సిందే. నిన్న ఆయుధపూజకు ట్రాక్టరు మొదలు మిక్సీ దాకా అన్నింటికీ తన చేత్తోనే చందనం, కుంకుమ పెట్టాడు. భార్య సుబ్బమ్మాళ్‌ను చందనం గిన్నె ముట్టనిస్తే ఒట్టు. పూజనాడు పనిముట్లకు సెలవు గనక టీవీ జోలికీ ఎవరూ పోలేదు.

ఈరోజు ఆ టీవీతోనే పని పడింది. నాలుగింటికి మనవరాలు సింధుజ విరుదునగర్‌లో హాకీ ఫైనల్ ఆడుతోంది. ఊరి కేబుల్‌లో చూపిస్తారు. "ఆడబిడ్డకు కట్టె పట్టుకొని పరిగెత్తేది ఏమిటికి?" అని రెండేళ్లు సణిగి, ఒక్క ఆటకూ పోని పెద్దమనిషి ఆయన. పోయిన వారం ఆ పిల్ల బస్సెక్కుతూ వెనక్కి తిరిగి చూస్తే మనసు చివుక్కుమంది. మోకాలు ఎటూ కదలనివ్వదు. అందుకే "టీవీలో చూస్తాను, పో పాపా" అని మాటిచ్చాడు.

ఇప్పుడు టైము మూడున్నర దాటింది. ప్లాస్మా టీవీ కింద ఎర్ర దీపం వెలుగుతోంది గానీ రిమోట్ ఎంత నొక్కినా తెర మాత్రం నల్లగానే ఉంది. టీవీ మీది బటన్ విరిగి ఏడాదైంది. ఆయన బ్యాటరీలు మార్చాడు, రిమోట్‌ను అరచేతికేసి కొట్టాడు, ఆఖరికి స్క్రూడ్రైవర్ తీశాడు.

"దాన్ని అక్కడ పెట్టండి" అని సుబ్బమ్మాళ్ కోవిల్‌పట్టిలో టీవీలు బాగుచేసే తమ్ముడి కొడుకు జెయకుమార్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"మామా, వెనక మూత విప్పొద్దు! ప్లగ్గు పీకినా ప్లాస్మా లోపల కరెంటు నిలిచుంటాది" అని అరిచాడు జెయకుమార్. "ఇంకో ఫోన్‌లో కెమెరా తెరిచి, రిమోట్ ముక్కును దానికి చూపించి నొక్కు. వెలుగు కనపడతా ఉందా?"

"ఉందిరా, మిణుకు మిణుకుమంటా ఉంది!"

"అట్లైతే రిమోట్ బాగానే ఉంది. ఎర్ర దీపం ఉంది, కరెంటూ వస్తా ఉంది. ఆ దీపం పక్కన నల్ల అద్దం చిన్నది ఉంటాది, అదే టీవీకి కన్ను. దానికేమన్నా అడ్డం ఉందా, చూడు."

అప్పాసామి వంగి చూశాడు. సరిగ్గా కంటి మీదే రూపాయి బిళ్లంత చందనం ఎండి పెచ్చుకట్టి ఉంది, నడుమ కుంకుమ. సుబ్బమ్మాళ్ గోడకానుకొని కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. తడిగుడ్డతో తుడిచి ఆయన రిమోట్ నొక్కగానే బొమ్మ టక్కున వచ్చింది.

ఆట అప్పుడే మొదలైంది. మొదటి గోలు కొట్టింది సింధుజే. కట్టె పైకెత్తి గంతులేస్తుంటే కెమెరా దగ్గరికి పోయింది. అప్పాసామికి ఇన్నాళ్లూ ఎంత పోగొట్టుకున్నానా అనిపించింది. అప్పుడు కనిపించింది, కట్టె మొదట్లో పెసరగింజంత పసుపు చుక్క, దాని మీద ఎర్ర చుక్క.

ఆయన భార్య వైపు తిరిగాడు.

"పాప పోయే పొద్దు నేనే పెట్టి పంపిస్తిని" అంది సుబ్బమ్మాళ్ భయం భయంగా. "అది దాని ఆయుధం కదా?"

అప్పాసామి కళ్లు తుడుచుకున్నాడు.

"పెట్టేదానివి ఇంతేనా పెట్టేది? కొంచెం దండిగా పెట్టకూడదా!"