ఒలిచేసిన చీటీ

రెండడుగులతో భూమ్యాకాశాలను కొలిచి, మూడవ అడుగును శరణన్నవాని శిరస్సుపై మోపి అనుగ్రహించిన త్రివిక్రమదేవుని పాదాలకు మొదట నమస్కరించి, పాదాల కొలతలను పోగొట్టిన ఒక మనిషి కథను విన్నవించుకుంటున్నాను. తప్పని తెలిసి చేసినవాని కథ ఇది. వినేవారు అతనిని తొందరపడి ఏవగించుకోకుందురు గాక.

పాత కంప్యూటర్లు బాగుచేసే అతనిని అందరూ తాళాల డాక్టరనేవారు. పాస్‌వర్డు తెలియక మొండికేసిన యంత్రం ఏదైనా అతని బల్ల ఎక్కిందంటే, మరునాటికి బుద్ధిగా మాట వినేది. అతనికి ఒక నియమం ఉండేది. చేతులు మారి వచ్చిన యంత్రాన్ని, దాని మొదటి యజమానిని వెదకి పట్టుకొని, "ఇందులో మీది ఏమైనా మిగిలిందా?" అని అడగనిదే తుడిచేవాడు కాడు. ఆ నియమాన్ని ఒక అట్టమీద స్వహస్తాలతో రాసి, వచ్చినవారందరికీ కనబడేలా గోడకు తగిలించుకున్నాడు. పదకొండేళ్లలో ఆ నియమం తప్పినది ఒక్కసారే.

ఆనాటి మధ్యాహ్నం అతని బావమరిది, పాత సామాన్ల కొట్లో కొన్న నల్లని ల్యాప్‌టాప్‌ను చంకన పెట్టుకొని ఊడిపడ్డాడు. బావమరిదికి దూరాన ఉన్న పిల్లలకు తెరమీద లెక్కలు చెప్పే కొలువు దొరికింది. మరునాడు ఉదయమే మొదటి పాఠం. యంత్రం వెలిగించగానే ఒక జత చిన్నిపాదాల బొమ్మ, దాని కింద పాస్‌వర్డు అడిగే ఖాళీ గడి కనబడ్డాయి.

"ముందు పాతవాళ్లెవరో కనుక్కోవాలిరా. రెండు మూడు రోజులు పడుతుంది."

"రెండు మూడు రోజులా! పేరేమో తాళాల డాక్టరు. రోగిని చూడగానే చెమటలు పడుతున్నాయేం బావా?"

"నోరు మూసుకుని కూర్చో."

"కూర్చుంటాలే. రేపు పిల్లలు మాస్టారేరీ అనడిగితే, మా బావ గోడమీద అట్ట చదువుకుంటున్నాడు, అది పూర్తయ్యాక వస్తానని చెప్తాను."

తాళాల డాక్టరు యంత్రాన్ని బోర్లించాడు. అడుగున ఒక చీటీ అంటించి ఉంది. ‘దొరికినవారు దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని గుండ్రని అక్షరాలు. అతడు దానిని చదివాడు. చదవలేదని తరువాత తనకు తాను ఎన్నిమార్లు చెప్పుకున్నా, చదివాడు. ఫోన్ చేస్తే ఆగమంటారు. ఆగితే బావమరిది ముందు చిన్నబోవాలి. గోటితో చీటీని ఒలిచాడు. జిగురు వేలిని వదలకపోతే విసుగుతో బల్ల అంచుకు రాసివేశాడు. చీటీ అక్కడ అంటుకొనిపోయింది.

పెన్ డ్రైవు పెట్టాడు. డిస్కు మొత్తం తుడిచివేయమంటారా అని యంత్రం అడిగింది. ఒకసారి తుడిస్తే ఏదీ తిరిగి రాదు, సరేనా అని మళ్లీ అడిగింది. మనిషి అడగవలసిన మాటను ఆ జడపదార్థమే రెండుసార్లు అడిగింది. అతడు రెండుసార్లూ సరేనన్నాడు. తుడిచిన చోట ఆనవాలు కూడా మిగలకూడదన్నది అతని పనితనం. అందుచేత డిస్కును ఈ కొస నుంచి ఆ కొసకు సున్నాలతో నింపి, ఆపైన కొత్త విండోస్ ఎక్కించాడు. సాయంకాలానికి బావమరిది ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

తొమ్మిదవనాడు ఒకామె దుకాణం మెట్లెక్కింది. వేళ్లకు నల్లని తోలురంగు, మెడలో కొలతల టేపు.

"ఏవండీ, తాళాల డాక్టరుగారంటే మీరేనా? నేను పాదాలు వంకరగా ఉన్న పిల్లలకి బూట్లు కుడతానండీ. మా అన్నయ్య గది సర్దుతానని పుణ్యం కట్టుకున్నాడు. చెడిపోయిన కంప్యూటర్ని నా బల్లమీదే ఉంచి, పనిచేసేదాన్ని పాత సామాన్లాయనకి ఇచ్చేశాడు! తాళం వేసున్నది కదా, ఎవరు కొన్నా మీ దగ్గరికే తెస్తారన్నారు. నల్లది. తెరమీద పాదాల బొమ్మ ఉంటుంది."

"అందులో... ఏముందమ్మా?"

"నూట నలభైమంది పిల్లల పాదాలండీ. ఆరేళ్లుగా, ఆర్నెల్లకోసారి కొలిచినవి. పోయినసారికీ ఇప్పటికీ వంకర ఎంత తగ్గిందో చూసుకుంటేనే తరవాతి జోడు ఎలా కుట్టాలో తెలిసేది. కాగితాలూ ఉండేవి. అన్నీ ఎక్కించేశానుగా అని వాటిని నేనే పారేశాను. మా అన్నయ్యని తిట్టే నోరు నాకెక్కడిది?"

మాట్లాడుతూ ఆమె బల్ల అంచుమీద చేయి ఆనించింది. ఆమె చిటికెనవేలికి జానెడు దూరంలో ఆమె చీటీయే ఉంది. తాళాల డాక్టరు దానిపై అరచేయి కప్పాడు.

"రాలేదమ్మా. నా దగ్గరికి రాలేదు."

ఆమె తల ఎత్తి గోడమీది అట్టను నిదానంగా చదివింది. ఆమె ముఖం తేటపడింది. "పోనీలెండి. వస్తే మీ చేతికే రావాలి. అడక్కుండా తుడవరుగా, నాకా ధైర్యం చాలు," అని మెట్లు దిగి వెళ్లింది.

తిట్టినా అతడు అంతగా కుంగేవాడు కాడేమో. ఆ సాయంకాలమే బావమరిది ఇంటికి వెళ్లి ల్యాప్‌టాప్‌ను లాక్కొచ్చి, తుడిచినవాటిని వెలికితీసే సాధనాలన్నీ రెండు రోజులపాటు దానిమీద ప్రయోగించాడు. ఎక్కడ తవ్వినా సున్నాలే. తన పనితనానికి తానే తల పట్టుకున్నాడు.

భోజనం ముందు కూర్చొని కదలని భర్తను భార్య చూసింది. "ఏమండీ, కంచంలో ఏమైనా పడిందా? అలా చూస్తారేం?"

అతడు జరిగినదంతా దాచకుండా చెప్పాడు. చివరన, "ఆవిడ మళ్లీ వచ్చినప్పుడు చెప్పేస్తాను," అన్నాడు.

"ఆవిడొచ్చేదాకా ఎందుకు? మీ కాళ్లు బాగానే ఉన్నాయిగా," అంది భార్య.

మరునాటి ఉదయం అతడు బల్ల అంచునుండి చీటీని చిరగకుండా ఒలిచి, బూట్లు కుట్టే ఆమె ఇల్లు వెదుక్కుంటూ వెళ్లాడు. ముందుగదినిండా తోలు వాసన. గోడపలకలమీద చిన్నచిన్న చెక్కపాదాలు బారులుగా ఉన్నాయి. ఒక్కటీ తిన్నగా లేదు. అతడు చీటీని ఆమె అరచేతిలో పెట్టాడు.

"మీదే కదమ్మా. చదివే ఒలిచాను. అంతా తుడిచేసింది నేనే. మొన్న మీతో అబద్ధమాడాను. వెనక్కి రప్పించాలని చూశాను. ఏమీ రాలేదు."

ఆమె చీటీని పక్కన పెట్టి, చేతిలోని సూదిని తోలుముక్కలో గుచ్చింది.

"గోడమీది అట్ట తీసేశారా?"

"లేదమ్మా."

"తియ్యకండి. రోజూ చదువుకోండి. సోమవారం నుంచి పిల్లలందర్నీ మళ్లీ పిలిపించి కొలవాలి. కుదురుగా ఉండరు. కింద కూర్చుని పాదం పట్టుకునే మనిషి కావాలి."

సోమవారం తాళాల డాక్టరు దుకాణం తెరవలేదు. బూట్లు కుట్టే ఆమె గదిలో నేలమీద మఠం వేసుకొని కూర్చున్నాడు. మొదటి పిల్లకు ఐదేళ్లుంటాయి. లోపలికి తిరిగిన ఆ చిన్నిపాదాన్ని అతడు రెండు చేతులతో పట్టుకోగానే కిలకిలా నవ్వింది. "మామా, చక్కిలిగింత!"

టేపు తిరిగింది. కొత్త పుస్తకంలో అంకె పడింది. పిల్ల తల్లి ఆత్రంగా ముందుకు వంగింది. "పోయినసారికంటే ఎంత తగ్గిందమ్మా?"

బూట్లు కుట్టే ఆమె టేపును చుట్టుకుంది. అతనివైపు చూడలేదు. గదిలో మాట రావలసినది ఎవరినుండో అతనికి తెలిసింది.

"పాత కొలతలు పోయాయమ్మా," అన్నాడు, తల వంచుకొని. "పోగొట్టింది నేను. మీ పిల్లవి కూడా అందులోనే పోయాయి."

ఇదే మాటను ఇంకా నూటముప్పైతొమ్మిదిమంది ముందు చెప్పవలసి ఉంది. ఆ తల్లి అతనిని ఎగాదిగా చూసింది. పిల్లను ఒడిలోకి లాక్కోబోయి, ఎందుకనో ఆగింది. రెండవ పాదాన్ని తానే ఎత్తి అతని చేతుల్లో పెట్టింది.

ఈ కథ విన్నవారి అడుగులు తడబడకుండు గాక. తడబడినచోట నిజం చెప్పే నోరు వారికి కలుగు గాక. వారి ఇళ్లలో పసిపాదాలు చక్కగా సాగి, నడక నేర్చి, పరుగులు తీయు గాక. సర్వులకూ శుభమగు గాక.