మూడో ఛాంబర్‌లో బసవమ్మ గొంతు

ప్రత్తిపాడు రోడ్డు మీద అంకమ్మరావు గారి కోల్డ్ స్టోరేజిలో సైరన్ మోగితే ఎవరూ తలెత్తి చూడరు. పక్కన జిన్నింగ్ మిల్లుకో సైరన్, ఎదురుగా స్పిన్నింగ్ మిల్లుకో సైరన్, రోడ్డు మీద లారీల హారన్లు. ఆ గోలలో తమదేదో గుర్తుపట్టడం అక్కడి మనుషులు ఎప్పుడో మానేశారు. 2006 వేసవిలో ఒక ఛాంబర్ వేడెక్కితే మధ్యాహ్నమంతా సైరన్ మోగుతూనే ఉంది, ఒక్కరూ రాలేదు. లోపల టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో, ఉన్న మిరపకాయలన్నీ రంగు తగ్గాయి.

అందుకే మరుసటి ఏడు ఉజ్మా వచ్చి, "వేడెక్కితే మనిషి గొంతుతో పిలిచే పెట్టె చేసిస్తానండీ" అంటే అంకమ్మరావు గారు రెండో మాట లేకుండా ఒప్పుకున్నారు.

"అయితే మా అమ్మ గొంతు పెట్టమ్మా. ఆవిడ పెరట్లో నుంచి పిలిస్తే బస్సులు ఆగుతాయి."

ఉజ్మా ఎంసీఏ చదివి చిలకలూరిపేటలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతోంది. స్టోరేజిలో మోటార్లకు వైండింగ్ కట్టేది వాళ్ళ నాన్నే కాబట్టి ఆమెకు అక్కడ చిన్నప్పటి నుంచీ చనువు. ఆమె చెప్పిన పెట్టె అరచేయంత ఉంటుంది. ఇళ్ళలో ఇంటర్నెట్టు పంచడానికి తయారైన వస్తువు. లోపలున్న సరుకంతా తుడిచేసి ఆమె దానికి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఎక్కించింది. దానిలో జాగా ఎనిమిది మెగాబైట్లు. రెండు సినిమా పాటలు పెడితే నిండిపోతుంది.

అంత చిన్న పెట్టెకు తన ప్రోగ్రాములు తను కట్టుకునే శక్తి లేదు. వాటిని ఇంట్లో కంప్యూటర్ మీద కట్టి దానిలోకి ఎక్కించాలి. చిక్కేమిటంటే కంప్యూటర్ ప్రాసెసర్ ఒక జాతి, పెట్టె ప్రాసెసర్ మరో జాతి. ఒకదానికి కట్టింది ఇంకోదానికి అర్థం కాదు.

"పొద్దుటి నుంచీ ఆ కంప్యూటర్ బుస్సుమంటానే ఉంది, ఏం చేస్తందే?" అని అడిగింది కుట్టుమిషన్ ముందు కూర్చున్న వాళ్ళమ్మ మదార్‌బీ.

"ఆ పెట్టెకి ప్రోగ్రాం కడుతోందమ్మా."

"పెట్టె మీదే కట్టుకోవచ్చుగా?"

"దానికి అంత ఓపిక లేదు."

మదార్‌బీ మిషన్ ఆపి ఆలోచించింది. "అంటే వినుకొండ పెళ్ళికూతురికి నేనిక్కడ జాకెట్టు కుడుతున్నట్టేగా. ఆది జాకెట్టుందా మరి నీ దగ్గర?"

"ఉంది. అదే ఇప్పుడు తయారవుతోంది."

"ఆది జాకెట్టే ఇంకా తయారవుతోందా!" అని మదార్‌బీ మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. కూతురి చదువు మీద ఆమెకు ఆ రోజు కాస్త అనుమానం వచ్చింది.

ఆ పెట్టె జాతికి తగిన పనిముట్లు తయారు కావడానికే నాలుగు రోజులు పట్టింది. కంప్యూటర్ ఆరు గంటల పని అడిగేది. కరెంటు వాళ్ళు పదకొండు నుంచి ఒంటి గంట దాకా, మూడు నుంచి అయిదు దాకా కోత పెట్టేవారు, రాత్రిళ్ళు చెప్పకుండా తీసేసేవారు. పని నూటికి తొంభై పాళ్ళు అయిందని ఉజ్మా ఊపిరి పీల్చుకునేసరికి ఫ్యాను ఆగేది. ఎట్టకేలకు శబ్దం వినిపించే ప్రోగ్రాం కట్టి పెట్టెలోకి పంపితే, నాకు ఫలానా లైబ్రరీ, అంటే తోడు ప్రోగ్రాం, కావాలని అది మొరాయించింది. ఆ లైబ్రరీ తెస్తే దానికి ఇంకోటి కావాలట. ఒకరిని భోజనానికి పిలిస్తే మేనమామతో సహా ఏడుగురు దిగినట్టయింది. ఉజ్మా అక్కర్లేనివాళ్ళను గుమ్మంలోనే ఆపేసి, మిగిలినవాటిని ప్రోగ్రాముతోనూ శబ్దంతోనూ కలిపి ఒక్క ప్యాకేజీగా మూటగట్టింది. ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు, మూట దానంతటదే విప్పుకుని ఏది ఎక్కడ ఉండాలో అక్కడ సర్దుకుంటుంది.

ఇక అంకమ్మరావు గారి అమ్మ బసవమ్మ గారి గొంతు. మైకు చేతికిస్తే ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది లేకపోతే వినపడదంటావా?" అని పక్కన పెట్టి, నడుం మీద చేయి వేసుకుని ఒక్క ఊపున అరిచింది.

"ఒరే ఏసోబూ! మూడో ఛాంబరు వేడెక్కిందిరా! ఎక్కడ చచ్చావ్? రా!"

స్టోరేజి ఆపరేటర్ ఏసోబు బయట బీడీ పారేసి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా?"

"ఏం కాలేదు పో, రికార్డింగు" అంది బసవమ్మ.

ఏసోబుకు ఆ పెట్టె మొదటి నుంచీ నచ్చలేదు. పదహారేళ్ళుగా పొద్దున్నే ఛాంబర్లోకి వెళ్ళి, చల్లదనం తెచ్చే గొట్టం మీద చేయి వేసి, కళ్ళు మూసుకుని, "నాలుగు డిగ్రీలు" అని చెప్పే మనిషి అతను. బస్తాలు మోసే ముఠా కూలీలు ఆ చేతిని చూడటానికే గుమ్మం దగ్గర నిలబడేవారు.

పెట్టెను మూడో ఛాంబర్లో బిగించి, చివర వేడి కొలిచే ముక్క ఉన్న ఒక తీగను వెనక గోడ దాకా లాగి, హారన్ను బయట వరండాలో కట్టారు. శుక్రవారం పదింటికి అందరూ చూస్తుండగా ఉజ్మా పరీక్ష కోసం మీట నొక్కింది.

హారన్లో నుంచి లారీ టైరు పేలి ఇనప రేకుల మీద ఈడ్చుకుపోతున్నట్టు ఒక మోత వచ్చింది. కూలీలు టిక్కీలు వదిలేసి గేటు దాకా పరిగెత్తారు. ఒకడు చెప్పుల కోసం మాత్రం వెనక్కి వచ్చాడు.

బసవమ్మ ముఖం కందిపోయింది. "ఏరా అంకమ్మరావ్, నా గొంతు ఇట్టా ఉంటదా?"

అంకమ్మరావు గారు చటుక్కున కాదనాల్సింది. ఒక్క క్షణం ఆలోచించారు. ఆ తర్వాత రెండు రోజులు ఆయన హోటల్లో తిన్నారని చెప్పుకున్నారు.

ఉజ్మాకు చెవులు వేడెక్కాయి. ఇంటికెళ్ళి అన్నీ తిరగేస్తే తప్పు దొరికింది. శబ్దంలో ప్రతి అంకెనూ రెండు ముక్కలుగా దాస్తారు. ఆమె కంప్యూటర్ చిన్న ముక్కను ముందు పెడుతుంది, పెట్టె పెద్ద ముక్కను ముందు చదువుతుంది.

"మనం ఇంటిపేరు ముందు రాస్తామండీ, బయటి రాష్ట్రాల్లో చివర రాస్తారు. అదే తేడా వచ్చింది" అని ఆదివారం అంకమ్మరావు గారికి చెప్పింది. ఆయనకు వెంటనే అర్థమైంది. ఢిల్లీలో ఒకసారి హోటల్ రిజిస్టర్లో ఆయన్ను ఇంటిపేరుతో ఒకరుగా, సొంత పేరుతో మరొకరుగా రాసుకుని రెండు గదులిచ్చారు.

ఈసారి హారన్లో బసవమ్మ గొంతు గంట కొట్టినట్టు వచ్చింది. ఆవిడ పమిట సర్దుకుని, "ఇప్పుడు బాగుంది" అంది. అంతా ఇళ్ళకు బయల్దేరబోయారు. అంతలో ఎవరూ మీట నొక్కకుండానే హారన్ మళ్ళీ అరిచింది.

"ఒరే ఏసోబూ! మూడో ఛాంబరు వేడెక్కిందిరా!"

పెట్టె పదకొండు డిగ్రీలంటోంది. ఏసోబు లోపలికి వెళ్ళి గొట్టం మీద చేయి వేసి వచ్చాడు. "నాలుగు" అన్నాడు, అందరి వంకా చూసి. ముఠా కూలీలు నవ్వారు. హారన్ మాత్రం రెండు నిమిషాలకోసారి అతన్ని ఎక్కడ చచ్చావని అడుగుతూనే ఉంది.

ఉజ్మా గంటసేపు ప్రోగ్రామంతా వరసన చదివింది. తప్పు దొరకలేదు. తప్పు దొరికినా బాగుండేదనిపించింది. చివరికి దుప్పటి కప్పుకుని, వేరే థర్మామీటర్ పట్టుకుని తనే లోపలికి వెళ్ళింది. వెనక గోడ దగ్గర పదకొండు. పైన ఫ్యాను తిరగడం లేదు. తలుపు పక్కనున్న పాత థర్మామీటర్ డయల్ మాత్రం నాలుగు చూపిస్తోంది. గోరుతో కొట్టింది. ముల్లు కదల్లేదు. మేకు నుంచి ఊడదీసి బయటికి తెచ్చి ఎండలో గట్టు మీద పెట్టింది. మే నెల ఎండలో కూడా నాలుగే.

ఏసోబు ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, గొట్టం పట్టుకునే ముందు ఆ డయల్ వంక ఒక్కసారి చూసేవాణ్ణి. ఒక్కసారే."

ఉజ్మాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. అంకమ్మరావు గారి దగ్గరికి వెళ్ళి, "డయల్ చెడిపోయిందండీ, ఫ్యాను బెల్టు తెగింది. పెట్టె అరుస్తుందే గానీ బెల్టు వేయలేదు. ఏసోబు బాబాయికి పది నిమిషాల పని" అంది. ఏసోబు తొమ్మిది నిమిషాల్లో వేశాడు. సాయంత్రానికి హారన్ నోరు మూసింది.

ప్రోగ్రాంలో సగానికి పైగా ఎవరెవరో ఊరికే ఇచ్చినదే కాబట్టి, ఉజ్మా తన ప్యాకేజీని కూడా నలుగురికీ పనికొస్తుందని ఇంటర్నెట్టులో పెట్టింది. నెల తర్వాత ఫిన్లాండ్ నుంచి యూహా అనే ఆయన ఈమెయిల్లో ఉత్తరం రాశాడు. టమాటాలు పెంచే అద్దాల గదికి దాన్ని వాడుకున్నాడట. చక్కగా పనిచేస్తోందట. కాకపోతే ఎండ ఎక్కినప్పుడల్లా ఒక పెద్దావిడ తన మీద విరుచుకుపడుతోందని, ఆవిడ ఏమంటోందో తెలుసుకోవాలని ఉందని, తన భార్య మాత్రం దాన్ని తీయనివ్వడం లేదని రాశాడు. మూటలో బసవమ్మ గొంతు కూడా ఉందన్న సంగతి ఉజ్మాకు అప్పుడు తట్టింది. సిగ్గుపడుతూ అర్థం రాసి పంపింది. మర్నాడే జవాబు: "ఏసోబు వచ్చాడా?"

ఆ ఉత్తరం స్టోరేజి వరండాలో చదివి వినిపించింది. అందరూ పొట్టలు పట్టుకున్నారు. ఏసోబు నవ్వలేదు.

"ఊళ్ళో అంటే పడ్డాను. దేశం కాని దేశంలో కూడా నన్ను ఒరే అంటే ఎట్టాగమ్మా? ఆళ్ళు నన్నేమనుకుంటారు?"

అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. నవ్వులు ఆగిపోయాయి. ఉజ్మా బసవమ్మ వంక చూసింది. "మామ్మగారూ, ఇంకోసారి రికార్డు చేద్దామా? కాస్త మర్యాదగా."

బసవమ్మ లేచి నిలబడింది. "ఏసోబు గారూ, మూడో ఛాంబరు వేడెక్కిందిరా..." ఆగింది. మళ్ళీ. "ఏసోబు గారూ, ఎక్కడ చచ్చారండీ..." కూలీలు కండువాలు నోట్లో కుక్కుకున్నారు. పన్నెండోసారికి గానీ 'రా' పోలేదు. పదమూడోసారి ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, మింగుడుపడని మాత్ర మింగినట్టు, ఒక్కో మాటా దించింది.

"ఏసోబు గారూ. మూడో ఛాంబరు వేడెక్కిందండీ. కాస్త రండి."

"వస్తన్నానమ్మా" అన్నాడు ఏసోబు, అలవాటు కొద్దీ లేచి నిలబడి.

ఉజ్మా ఇంటికి వచ్చి ప్యాకేజీ మళ్ళీ కట్టింది. కరెంటు పోకముందే అయిపోయింది. కొత్త వెర్షన్లో ఏం మారిందో రాయాల్సిన చోట ఒక్క లైను రాసి ఫిన్లాండ్‌కు పంపింది: "తప్పులు సవరించలేదు. ఏసోబుకు 'గారు' చేర్చాం."