మేనేజర్ లేని జట్టు

యాభై ఒకటో ఏట జోగారావు మళ్లీ చదువు మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇరవై రెండేళ్లు ఒక ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ విభాగంలో పనిచేసి, ముందుగానే పదవీ విరమణ తీసుకుని, నారాయణగూడలో బట్టల దుకాణం పైన మూడో అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు మేనేజరుగా చేరాడు. ఎవరు ఏ వారం ఏ పని చేయాలో పెద్ద గళ్ల కాగితం మీద రంగు పెన్సిళ్లతో గీసి గోడకు అంటించడం ఆయన పద్ధతి. ఆ గీతల ప్రకారం ఏప్రిల్‌లో పూర్తి కావాల్సిన పని డిసెంబరుకు కూడా పూర్తి కాలేదు. పని ఇచ్చినవాళ్లు ఒప్పందం రద్దు చేసుకున్నారు.

1998 జనవరిలో కంపెనీ యజమాని రాఘవేంద్ర ఏదో సదస్సుకు అమెరికా వెళ్లివచ్చి, ఇరవై పేజీల జిరాక్సు కాగితాలు జోగారావు బల్ల మీద పెట్టాడు.

“దీన్ని స్క్రమ్ అంటున్నారు జోగారావుగారూ. మీరు నేర్చుకుని మనవాళ్లకు నేర్పండి. విజయవాడ ఆసుపత్రి పని ఈ పద్ధతిలోనే చేద్దాం.”

జోగారావు అశోక్ నగర్‌లో ఒక్క గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేవాడు. భార్య సుబ్బలక్ష్మి కాకినాడలో బడిపంతులమ్మ. ఆయన ఈ ఊరు వచ్చాక, ఇక్కడికి బదిలీ కోసం ఆరేళ్లుగా ప్రయత్నిస్తున్నా ఆమెకు దొరకలేదు. గదిలో కూర్చుంటే చదువు సాగక, సాయంత్రాలు చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లేవాడు. చుట్టూ పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు. ఒకతను ఆయన కాగితాల మీది గీతలూ గుర్తులూ చూసి, “ఏ ఎగ్జామ్‌కు ప్రిపేరవుతున్నరు అంకుల్?” అని అడిగాడు. జోగారావు నవ్వాడు. ఆ వారంలో ఆఫీసు బయట ఆయనతో మాట్లాడింది అతనొక్కడే.

కాగితాల్లో ఉన్నది కష్టమైనదేమీ కాదు. పనిని నెల నెల ముక్కలుగా విడగొట్టాలి. నెలలో ఎంత చేయగలరో జట్టే చెప్పాలి. రోజూ పొద్దున అందరూ గుండ్రంగా నిలబడి పదిహేను నిమిషాలు మాట్లాడుకోవాలి. నిన్న ఏం చేశాను, ఈరోజు ఏం చేస్తాను, నాకు అడ్డంగా ఏముంది. నెలాఖరున, పనిచేసే వస్తువును వాడేవాళ్ల ముందు పెట్టాలి. ఎన్నిసార్లు చదివినా ఆయనకు ఒకటే కొరుకుడు పడలేదు. ఇందులో మేనేజర్ ఏం చేస్తాడు?

ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. జట్టులో ఐదుగురు. ఆసుపత్రికి రోగుల నమోదు ప్రోగ్రాం రాయాలి. ఈ నెలలో నాలుగు పనులు చేయగలమని జట్టువాళ్లు అన్నారు. జోగారావు చేయి ఆగక మరో రెండు కలిపాడు. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు అందర్నీ నిలబెట్టి, ఒక్కొక్కరినీ అడిగి డైరీలో రాసుకున్నాడు. అందరూ అంతా బాగుందనే చెప్పారు. నెలాఖరున ఒక్క పని కూడా పూర్తి కాలేదు.

ఆ సాయంత్రం అంబిక ఆయన బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. కవాడిగూడలో ఉండే అమ్మాయి. మహబూబ్‌నగర్ నుంచి వలసొచ్చిన మేస్త్రీ కూతురు. జట్టులో అందరికంటే తక్కువ మాట్లాడేది.

“సార్, ఒక మాట చెప్త, ఏమనుకోవద్దు.”

“చెప్పమ్మా.”

“పొద్దున మేం ఒకళ్లకొకళ్లం చెప్పుకుంటలేం సార్. బడిల పాఠం లెక్క మీకు అప్పజెప్తున్నం. అందరం మీ మొఖమే చూస్తున్నం.”

జోగారావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “అయితే నన్నేం చెయ్యమంటావు?”

“కొన్ని రోజులు జర బయట ఉండరాదు సార్?”

తన కూతురి వయసు పిల్ల. కోపం రావాల్సింది. రాలేదు కానీ, ఆ సాయంత్రం మెస్సులో అన్నం సహించలేదు.

మార్చి మొదటి సోమవారం తొమ్మిదిన్నరకు ఆయన తలుపు దగ్గరగా వేసి, మెట్ల దగ్గర నిలబడ్డాడు. లోపలి నుంచి తరుణ్ గొంతు వినిపించింది. చురుకైన కుర్రాడు. రోజూ అందరికంటే ముందు అంతా బాగుందని చెప్పేవాడు.

“నాకు అడ్డం ఉంది. ఒకే పేషంటుకు రెండు నంబర్లు పడుతున్నయి. పదకొండు రోజులైంది, సమజైతలేదు.”

“పదకొండు రోజులా? మరి చెప్పలే?” అంబిక గొంతు.

“ఎట్ల చెప్పాలె? సార్ డైరీల రాసుకుంటడు.”

ఎవరో నవ్వారు. వెంటనే అందరూ ఒకేసారి మాట్లాడసాగారు. కుర్చీలు జరిగిన చప్పుడు. “ఏదీ, చూపియ్” అన్న మాట. జోగారావు లోపలికి వెళ్లకుండా మెట్ల దగ్గరే ఉండిపోయాడు. ఆ గదిలో అంత సందడి ఆయన ఎప్పుడూ వినలేదు. తరుణ్ ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాడని కాదు, తనకు నిజం చెప్పడానికి ఆ కుర్రాడు పదకొండు రోజులు భయపడ్డాడన్నదే ఆయన్ని కుదిపేసింది. ఇరవై రెండేళ్లలో ఇంకెంతమంది ఇలాగే భయపడ్డారో!

ఆ రోజు నుంచి డైరీ సొరుగులో పెట్టేశాడు. సమావేశం అయ్యాక అంబిక బయటికొచ్చి అడ్డంకులేమిటో చెప్పేది, ఆయన వాటి వెంట పడేవాడు. అన్నిటికంటే పెద్దది కరెంటు. రోజూ మధ్యాహ్నం వోల్టేజీ పడిపోయి కంప్యూటర్లు ఆగిపోయేవి. భవనంలోకి వచ్చే తీగ పాతబడిందని తేలింది. మార్చాలంటే భవనం యజమాని సంతకం కావాలి. జోగారావు ఆ యజమాని ఇంటి చుట్టూ నాలుగు రోజులు ఎండలో తిరిగి సంతకం తెచ్చాడు. లైన్‌మన్ మొగిలయ్యను వెంటబెట్టుకొచ్చి, అతను నిచ్చెన ఎక్కితే కింద పట్టుకుని నిలబడ్డాడు.

“మీరు ఈడ ఏం పని జేస్తరు సార్?” పైనుంచి అడిగాడు మొగిలయ్య.

జోగారావు కొంచెం ఆలోచించాడు. “పైన పిల్లలు పనిచేస్తారు. వాళ్ల పనికి ఏదీ అడ్డం రాకుండా చూస్తుంటాను.”

“గట్లనా? మంచి పనే సార్.”

మర్నాటి నుంచి కంప్యూటర్లు ఆగలేదు. కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆగనిదాని గురించి ఎవరు మాత్రం మాట్లాడతారు?

నెలాఖరు శుక్రవారం విజయవాడ నుంచి ఆసుపత్రి హెడ్ నర్సు వచ్చింది. అంబిక ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, “మీరే కొట్టండి మేడమ్” అంది. ఆవిడ రెండు వేళ్లతో మెల్లగా ఒక పేరు, వయసు, ఊరు కొట్టింది. నంబరు వచ్చింది, చీటీ అచ్చయింది. అవే వివరాలు మళ్లీ కొడితే, ఈ రోగి ఇదివరకే ఉన్నారని తెర మీద పడింది. ఆవిడ మొహం విప్పారింది.

“బాగుందండీ! ఇంతకీ మీ మేనేజర్ ఎవరు?”

“మాకు మేనేజర్ లేరు మేడమ్. మేమే చూసుకుంటం” అన్నాడు తరుణ్ గర్వంగా.

రాఘవేంద్ర చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. గోడవారగా నిలబడ్డ జోగారావు కూడా కొట్టాడు.

కింద టీ కొట్టు దగ్గర అంబిక ఆయన పక్కకు వచ్చింది. “తరుణ్ ఎరుకలేక అన్నడు సార్.”

“నిజమే కదమ్మా చెప్పాడు. ఆ కాగితాల్లో ఉన్నదీ అదే” అన్నాడు జోగారావు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. అంబిక ఇంకేదో అనబోయి, మిగతావాళ్లు పిలిస్తే వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున చిక్కడపల్లి ఎస్టీడీ బూత్ నుంచి కాకినాడకు ఫోన్ చేశాడు. వంటింటి కప్పు కారుతుంటే బాగు చేయించానని సుబ్బలక్ష్మి చెప్పింది.

“నాతో ఒక్క మాట అనలేదే?”

“మీరక్కడుండి ఏం చేస్తారు? కంగారు పడతారంతే.”

జోగారావు శుక్రవారం జరిగిందంతా చెప్పాడు. తరుణ్ అన్న మాట కూడా.

“బాధగా ఉందా?”

“ఉంది. పని మాత్రం బాగా జరిగింది సుబ్బులూ. నేను నడిపినప్పటికంటే బాగా జరిగింది.”

“మీరు పక్కన లేకుండా ఇల్లు నడపడం అలవాటు కావడానికి నాకు ఆరేళ్లు పట్టింది. అలవాటైంది కాబట్టి బాధ లేదనుకోకండి.”

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. బూత్ తలుపు బయట ముగ్గురు వంతు కోసం నిలబడి ఉన్నారు.

“వచ్చే శనివారం వస్తాను” అన్నాడు జోగారావు.

“రండి. బయల్దేరే ముందు ఫోన్ చెయ్యండి. నా ఒక్కదానికే వండుకుంటుంటాను.”