గాలికి కొట్టుకుపోయిన చెప్పు

స్కార్‌బరోలో దయావతి పనిచేసే వృద్ధుల కేర్ హోమ్ మొత్తానికి ఐరీనీ అంత మొండి మనిషి ఇంకొకరు లేరు. తుంటి ఎముకకు ఆపరేషనై ఆరు వారాలైనా మంచం దిగనంటుంది. ఈ వారం కూడా లేచి నిలబడకపోతే ఇక నడక మీద ఆశ వదులుకోవలసిందేనని డాక్టరు చెప్పేశాడు. కూతురు సోఫియా బతిమాలింది, ఏడ్చింది. ముసలావిడ గోడవైపు తిరిగి పడుకుంది.

దయావతికి ఆవిడంటే ప్రాణం. యోహాను భక్తుడు ప్రకటన గ్రంథం రాసిన పత్మాసు అనే గ్రీకు ద్వీపాన్ని చూడడానికి తెలుగు చర్చి వాళ్లతో బయల్దేరినప్పుడు, అక్కడి కొండమీది ఊరే అమ్మ పుట్టిన ఊరని సోఫియా అడ్రసు రాసిచ్చింది. దయావతి దాన్ని బైబిల్లో దాచుకుని మరీ తీసుకెళ్లింది.

నిన్ననే తిరిగొచ్చింది. ఇంకొకరైతే ఒళ్లు నొప్పులని సెలవు పెట్టేవారు. ఈవిడ పొద్దున్నే వచ్చి, సోఫియాను పక్కన కూర్చోబెట్టుకుని, ఐరీనీ ముందు ఫోను పట్టింది.

వీడియో తీసింది దయావతి భర్త ఎలియాజరు. కెమెరా కన్నా ఆయన నోరే ఎక్కువ పనిచేసింది. సున్నం వేసిన తెల్లటి గోడలు, ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు, వందల ఏళ్లనాటి ఇళ్లు. ఐరీనీ చూస్తోందన్న మాటే గానీ మొహంలో ఏ కదలికా లేదు. ఆమె పుట్టిన ఇల్లు కూడా వచ్చింది. ఇప్పుడక్కడ ఉంటున్నావిడ నవ్వుతూ లోపలికి రమ్మంటోంది. దయావతి అలవాటుకొద్దీ గుమ్మం బయట చెప్పులు విడిచింది.

"ఇక్కడెవరూ విడవట్లేదు కదే," అన్నాడు ఎలియాజరు.

"ఒకరింట్లోకి చెప్పుల్తో పోతామేంటండీ? మీరూ విడవండి."

అంతలో గాలి విసురుగా వచ్చింది. ఒక చెప్పు ఎగిరి మెట్ల మీంచి దొర్లుకుంటూ పోయింది. దయావతికి తల కొట్టేసినట్టయింది. వీడియోలోంచి ఈ ముక్క తీసేద్దామనుకుని మరిచిపోయింది. గబుక్కున ఫోను ఆపబోయింది.

ఐరీనీ ఆమె చెయ్యి పట్టుకుని గ్రీకులో ఏదో అంది. సోఫియా దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పింది. ఆపొద్దంటోందట. ఆ చెప్పు మలుపు తిరిగి, రొట్టెలు కాల్చే పాత పొయ్యి దగ్గర ఆగుతుందట. చిన్నప్పుడు తన చెప్పులూ అక్కడే దొరికేవట.

ముగ్గురూ ఫోను మీదికి వంగి చూశారు. ఎలియాజరు ఆయాసపడుతూ మెట్లు దిగాడు. మలుపు తిరిగాడు. మసిబారిన పొయ్యి, దాని పక్కనే బోర్లాపడి దయావతి చెప్పు.

ఐరీనీ నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "బుద్ధుందా నీకు?" అంది దయావతితో, ఈసారి ఇంగ్లిష్‌లోనే. "ఆ ఊళ్లో చెప్పులు కాళ్లకుండాలి."

"నాకేం తెలుసు? చెప్పడానికి మీరు పక్కన లేకపోతిరి," అంది దయావతి.

ఐరీనీ ఫోనులో ఆ చెప్పు వంక ఇంకోసారి చూసింది. తర్వాత దుప్పటి పక్కకు నెట్టింది. "నావెక్కడ పెట్టారు?"

దయావతి మంచం కిందికి వంగింది. ఆరు వారాలుగా కదలని చెప్పులు దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిని కొంగుతో తుడవబోయి, ఒంటిమీద ఉన్నది యూనిఫాం అని గుర్తొచ్చి, అరచేత్తోనే తుడిచింది. ముందు ఎడమ కాలికి తొడిగింది.