గొట్టానికి వేసిన ముడి

చిన్న సీసాలోకి మందు ఒక్కో చుక్కా వదులుతూ, కళ్ళు చికిలించి చూస్తున్నాడు నత్త బాబాయి. సీసాలోని నీలం నీళ్ళు పసుపు రంగుకి తిరగాలి; ఎన్ని ఎక్కువ చుక్కలు పడితే అంత ఎక్కువ క్షారం ఉన్నట్టు. ఈ పళ్ళ ఆసుపత్రిలో, పేషెంట్లు కూర్చునే హాల్లో ఆయన చూసుకునే అద్దాల చేపల తొట్టి నీళ్ళయితే ఇందాకే తిరిగాయి. బకెట్లో కొత్తగా కలిపిన ఉప్పునీళ్ళు మాత్రం ఎన్ని చుక్కలేసినా ససేమిరా అంటున్నాయి.

"ఓరి నీ మొండితనం!" అనుకున్నాడు.

ఎప్పుడూ వాడే ఉప్పు దొరక్క వేరే కంపెనీ బస్తా వచ్చింది. దీంట్లో క్షారం పాలు ఎక్కువ. చేపలకైతే ఫర్వాలేదు. మూల రాతి మీదున్న పగడానికే గండం. రాయిలా కనిపిస్తుంది గానీ ప్రాణి అది. బొటనవేలి గోరంత ముక్కగా ఉన్నప్పుడు ఆయనే అక్కడ అంటించాడు. ఇప్పుడు దోసిట్లో పట్టదు. నీళ్ళలో క్షారం ఒక్కసారిగా మారిందంటే దాని కొసలు కాలినట్టు తెల్లబడిపోతాయి. మామూలుగా మార్చేదాంట్లో సగం నీళ్ళే మార్చాలి, అదీ చుక్కచుక్కగా. అంటే సాయంత్రం దాకా పడుతుంది.

సాయంత్రం దాకా! మరి సినిమా?

కౌంటర్ దగ్గరి అమ్మాయి ముసిముసిగా నవ్వింది. "బాబాయ్, పిన్ని మళ్ళీ ఫోన్ చేసింది. మ్యాట్నీకి పేర్లు పడకముందే రావాలట. లేకపోతే ఒక్కతే చూసుకుంటుందట."

ఆవిడ కోపంలో న్యాయముంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఒక్క సినిమా కూడా మొదటినుంచి చూపించిన పాపాన పోలేదు ఈయన. నత్త బాబాయి అన్న పేరు ఊరికే రాలేదు. గుండీలు నిదానంగా పెట్టుకుంటాడు. తాళం వేశాక మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూస్తాడు. దారిలో గోడ మీది పిల్లిని పలకరిస్తాడు. "ఈయనతో చూసినవన్నీ సగం సినిమాలే" అని ఆవిడ నలుగురిలో అంటుంటే, నిజమే కదా అని తనూ నవ్వేస్తాడు. కానీ నిన్న అన్నం పెడుతూ, నవ్వకుండా అడిగింది. "ఒక్కసారి పేర్ల దగ్గర్నుంచి చూద్దామండీ." ఆ గొంతు పొద్దుట్నుంచీ మనసులో మెదులుతూనే ఉంది.

బకెట్ ఎత్తి గబగబా గుమ్మరిస్తే అడిగేవాళ్ళు లేరు. ఎత్తాడు కూడా. పగడం వేళ్ళన్నీ విప్పుకుని మెల్లగా ఊగుతోంది. చేతులు రాలేదు.

బకెట్‌ని ఎత్తు స్టూలు మీద పెట్టాడు. సన్నటి గొట్టం ఒక కొస అందులో ముంచి, రెండో కొస నోటితో పీల్చి తొట్టిలోకి వదిలాడు. మధ్యలో ముడి వేసి, బిగిస్తూ, వదులు చేస్తూ, మళ్ళీ బిగిస్తూ, చుక్క వెనక చుక్క పడేదాకా దాంతో కుస్తీ పట్టాడు. ఎడమ భుజం లాగింది. బకెట్ బరువుకే అనుకున్నాడు. ఇంకో రోజైతే కుర్చీ వేసుకుని ఆఖరి చుక్క దాకా కాపలా కూర్చునేవాడే.

"అమ్మాయ్, తొట్టిలోంచి తీసినన్ని నీళ్ళే బకెట్లో ఉన్నాయి, పొంగే భయం లేదు. ముడి మాత్రం ముట్టుకోకు. కాస్త చూస్తుంటావా?"

"నువ్వు వెళ్తావా?" ఆ పిల్ల నోరెళ్ళబెట్టింది. "వెళ్ళు బాబాయ్, వెళ్ళు! నేను చూసుకుంటాగా."

దారిలో పిల్లిని కూడా పలకరించలేదు. ఆవిడ వచ్చేసరికి సినిమా హాలు గుమ్మం దగ్గర టికెట్లు పట్టుకుని, ఆయాసపడుతూ నించుని ఉన్నాడు.

"ఎవరండీ మీరు? మా ఆయన ఇంకా రావాలే!" అంది ఆవిడ. అని సిగ్గుపడింది.

పేర్లు పడుతుంటే, పక్కవాళ్ళు విసుక్కున్నా, ఒక్కోటీ పైకి చదివింది. ఆయన తెర చూడలేదు, ఆవిడ మొహమే చూశాడు. ఇంటర్వెల్ తర్వాత ఆయన తల ఆవిడ భుజం మీద వాలింది. అలిసిపోయాడు పాపం అని కదలకుండా కూర్చుంది. దీపాలు వెలిగాక లేపింది. లేవలేదు.

"అన్నిటికీ నత్తనడకే కదండీ మీకు," అంది, ఆయన చొక్కా గుండీ సరిచేస్తూ. "దీనికేం తొందరొచ్చింది?"

ఫోన్ వచ్చినప్పుడు కౌంటర్ అమ్మాయి తొట్టి దగ్గరే నిలబడి ఉంది. విన్నాక తొట్టి వైపే తిరిగింది. పగడం వేళ్ళు ఒక్కటీ ముడుచుకోలేదు. అన్నీ విప్పారి ఊగుతున్నాయి. బకెట్ అడుగున ఇంకో గుక్కెడు నీళ్ళున్నాయి. తొట్టి అంచున, ఆయన వేసిన ముడితో, ఆ సన్నటి గొట్టం ఇంకా చుక్కలు వదులుతూనే ఉంది.