నీళ్ల మాత్ర

నా కొడుకు కిడ్నీలు పాడుచేసినవాడు అరుణ్ కుమార్. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఓర్వకల్లులో రేకుల షెడ్డు కింద జిమ్ము నడుపుతాడు. గోడల నిండా నూనె పూసుకుని కండలు చూపించే మగవాళ్ల ఫోటోలు. నేను ముప్పై ఏళ్లుగా పాలిష్ ఫ్యాక్టరీలో బండలెత్తుతున్నాను, నన్నెవరూ ఫోటో తీయలేదు. మా భూపేష్ మాత్రం రెండేళ్లు ఆ షెడ్డులోనే పడి ఉన్నాడు. కర్నూలు పోటీలో కప్పు కొడితే తనూ కోచ్ కావచ్చని వాడి ఆశ.

పోటీకి వారం ముందు అరుణ్ కుమార్ ఒక అచ్చు కాగితం ఇచ్చాడు. ఎన్ని గుడ్లు తినాలో, ఉప్పు ఎప్పుడు మానాలో అందులో ఉంది. చివరి మూడు రోజులు నీళ్లు తగ్గించుకుంటూ పోవాలి. ఆఖరి రోజు పెదవులు తడుపుకోవడమే. పక్కనే ఒంట్లో నీళ్లు లాగేసే నీళ్ల మాత్ర, పూటకొకటి.

"నీళ్లు తాగకుంటే ఎట్లప్పా?" అన్నాను.

"తోలు కింద నీళ్లుంటే కండ కనపడదు, తిమ్మన్నా. నువ్వు బండకు పాలిష్ పెట్టవా? ఇదీ అంతే. సైన్సు ఇది."

నేను మా ఊరి బడిలో ఐదు చదివాను. అచ్చు కాగితాన్ని ఎదిరించడం నాకు రాదు.

నీళ్లు కొలవడం మాత్రం వచ్చు. నా భార్య రత్నమణికి కిడ్నీలు పోయినప్పుడు రోజుకు నాలుగు గ్లాసులే అన్నారు డాక్టర్లు. రెండేళ్లు స్టీలు గ్లాసుతో కొలిచి పోశాను. ఐదోది అడిగింది, తిట్టింది. పోయలేదు. ఆమె పోయి ఏడాది.

కొడుక్కీ అట్లాగే కొలిచాను. బిందె నా మంచం కింద పెట్టుకున్నాను. కాగితంలో మాత్ర పేరు చూడగానే గుర్తుపట్టాను. ఒళ్లు ఉబ్బినప్పుడు రత్నమణి వేసుకున్నదే. రేకు డబ్బాలో, ఆమె పేరున్న కవరులోనే మిగిలి ఉంది. పెద్ద డాక్టరు రాసిన మందే కదా అనుకున్నాను.

"నాయనా, నాలుక అతుక్కుంటాంది. ఒక్క గుక్క."

"రేపు కప్పులో తాగుదువులే."

స్టేజీ మీద వాడి నరాలు తీగల్లా తేలాయి. జనం ఈలలు వేశారు. పిక్కలు పట్టేసి వాడు పక్కకు పడిపోతే అదీ పోజే అనుకుని చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆసుపత్రిలో డాక్టరు సాజియా వాడు వేసుకున్న మాత్రలు చూపించమంది. జేబులోంచి తీసి ఇచ్చాను. మందుల కవరు మీద పేరు చదివింది.

"రత్నమణి ఎవరు?"

"వాళ్లమ్మ."

"ఆమెకిచ్చిన మందు ఈయనకెందుకు ఇచ్చినారు?"

మాతో వచ్చిన అరుణ్ కుమార్ వైపు చూశాను. ఆయనిచ్చిన కాగితంలో ఉందన్నాను.

"ఆ కాగితం నేను రాసింది కాదు మేడం. మా కోచ్ ఇచ్చినాడు. ఆయన మూడుసార్లు గెలిచినాడు."

"నువ్వు?" అన్నాను.

"నేను గెల్చలేదు. రెండుసార్లు స్టేజీ మీదే పడిపోయినాను."

"మరి ఆయనెట్ల గెల్చినాడు?"

"కండలు పెరిగే సూదులేసుకునేటోడు. అందరికీ తెలుసు గదా."

"మాకు తెలీదు."

"నువ్వు అడగలేదు, తిమ్మన్నా."

 

"ఇది సైన్సని చెప్పినాడు, తల్లీ," అన్నాను డాక్టరుతో.

"కండల గురించి చదువుకున్నోళ్లు గూడా శానా రోజులు ఈ పోటీలోళ్లు చేసేది చూసి సలహాలు రాసినారు," అంది ఆమె. "పరీక్ష పెట్టి చూసింది తర్వాత. కొన్ని నిజమని తేలినాయి, కొన్ని లేదు. గెల్చినోడు ఏం చేసినా అదే పాఠమనుకుంటే ఇట్లనే ఉంటాది."

వారం తర్వాత డయాలసిస్ మొదలుపెట్టారు. కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు అన్నారు. ఇంటికి పంపేటప్పుడు ఇంకో అచ్చు కాగితం ఇచ్చారు. రోజుకు నాలుగు గ్లాసులు.

అదే స్టీలు గ్లాసు. నేనే కొలుస్తున్నాను. భూపేష్ ఐదోది అడగడు. మొదటి రోజు మాత్రం గ్లాసు అందుకుని, తాగకుండా, నన్ను చూశాడు.

"మాత్ర నువ్వే ఇస్తివి కదా, నాయనా."

పాడుచేసింది అరుణ్ కుమార్. ఒక్కసారి చెప్పాను. ఈ సంగతి ఇక నా నోట రాదు, నన్నెవరూ అడగవద్దు.